ఆపరేషన్ గాయానికి చీము పట్టింది: ఎన్నో రోజున?

(సర్జరీ వార్డు నర్సులు, హౌస్ సర్జన్లు, మైక్రోబయాలజీ టెక్నీషియన్లను ఉద్దేశించి చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడ సగం మంది వార్డువాళ్లు, సగం మంది ల్యాబ్‌వాళ్లు. మీ ఇద్దరి మధ్య రోజూ తిరిగే కాగితం ఒకటుంది, కల్చర్ రిక్వెస్ట్ ఫారం. కల్చర్ అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం, సెన్సిటివిటీ అంటే అది ఏ మందుకు లొంగుతుందో చూడటం. దాని మీద ఎక్కువసార్లు కనబడేది "చీము, కల్చర్ అండ్ సెన్సిటివిటీ" అన్న ఒక్క ముక్కే. ఎక్కడి చీమో రాయరు, ఏ ఆపరేషనో రాయరు, ఆపరేషన్ అయి ఎన్నో రోజో అసలే రాయరు. నేను మాట్లాడబోయేది చాలావరకు ఆ మూడో ఖాళీ గురించి. చీము ఎన్నో రోజున పట్టిందో, ఏ చోట పట్టిందో తెలిస్తే కల్చర్ పెట్టకముందే ఏ బ్యాక్టీరియా అయ్యుంటుందో చాలావరకు ఊహించొచ్చు. అది తెలియనప్పుడు రిపోర్టు చేతికొచ్చినా దాంతో ఏం చేయాలో పాలుపోదు.

ముందుగా ఒకటి తేల్చుకుందాం. గాయంలో బ్యాక్టీరియా ఉండటం వేరు, గాయానికి ఇన్ఫెక్షన్ రావటం వేరు. చర్మం తెగి నోరు తెరుచుకున్న ఏ గాయంలోకైనా ఒకటి రెండు రోజుల్లో బ్యాక్టీరియా చేరుతుంది. నెలల తరబడి మానని కాలిపుండు మీద స్వాబ్ (దూది చుట్టిన పుల్ల) తిప్పితే మూడు నాలుగు రకాలు మొలవటం మామూలే, వాటన్నిటికీ మందు వేయనక్కర్లేదు. చుట్టూ ఎర్రబడటం, వేడి, వాపు, తగ్గాల్సింది పోయి పెరుగుతున్న నొప్పి, చీము, జ్వరం... ఇన్ఫెక్షన్ అని చెప్పేవి ఇవీ. ఆ నిర్ణయం రోగి మంచం దగ్గర జరగాలి. చేసినదెవరు, ఏ మందుకు లొంగుతుంది అన్నంత వరకే ల్యాబ్ చెప్పగలదు.

ఎంత బ్యాక్టీరియా ఉంటే ఇన్ఫెక్షన్? గ్రాము కణజాలంలో 1,00,000 దాటితే గాయం మానటం కుంటుపడుతుందనీ, అక్కడ వేసిన స్కిన్ గ్రాఫ్ట్ పట్టదనీ సర్జన్లు చాలాకాలంగా ఒక కొలత వాడుతున్నారు. పనికొచ్చే కొలతే, కానీ స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్‌కు అది వర్తించదు. అంతకన్నా ఎంతో తక్కువ సంఖ్యలో ఉన్నా అది గ్రాఫ్ట్‌ను తినేస్తుంది. ఇక గాయంలో బయటి వస్తువు ఏదైనా ఉంటే లెక్క పూర్తిగా తారుమారవుతుంది. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల చర్మం మీదే ప్రయోగం చేశారు. మామూలు చర్మంలో చీము పుట్టించటానికి పది లక్షలకు పైగా స్టెఫిలోకాకస్‌లు కావలసి వచ్చాయి. అదే చోట ఒక్క సిల్క్ కుట్టు ఉంటే కొన్ని వందలు సరిపోయాయి. అనవసరపు కుట్టు, మాడిన కణజాలం, చర్మం కింద నిలిచిపోయిన రక్తపు గడ్డ, ఇవన్నీ బ్యాక్టీరియా తరఫున పనిచేసేవే.

ఇప్పుడు రోజుల లెక్కకు వద్దాం. ఆపరేషన్ గాయపు ఇన్ఫెక్షన్ అని పిలవటానికి మామూలుగా 30 రోజుల గడువు పెట్టుకుంటాం. శరీరంలో ప్లేటో, కృత్రిమ కీలో, మెష్ లాంటిదో పెట్టిన ఆపరేషన్లకు 90 రోజులు. ఈ గడువంతా ఒకే తీరుగా ఉండదు.

మొదటి 48 గంటలు తీసుకోండి. ఈ సమయంలో జ్వరం వస్తే దానికి గాయం కారణం కావటం అరుదు. ఆ అరుదైన సందర్భమే ప్రాణం తీస్తుంది. 48 గంటల లోపే గాయాన్ని పాడుచేయగలవి ప్రధానంగా రెండు: స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్, క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. కాబట్టి ఆపరేషనైన మర్నాడే రోగికి జ్వరమొచ్చి, నాడి వేగం పెరిగి, గాయం చూస్తే పెద్దగా ఏమీ లేకపోయినా నొప్పి మాత్రం భరించలేనంత ఉందంటే, "రేపు డ్రెస్సింగ్ మార్చేటప్పుడు చూద్దాం" అనుకోవద్దు. అప్పటికప్పుడు డ్రెస్సింగ్ విప్పి చూడాలి.

స్ట్రెప్టోకాకస్ అయితే ఎరుపు గంటగంటకూ పాకుతుంది. బాల్‌పెన్‌తో ఎరుపు అంచున గీత గీసి పక్కన టైము రాయండి. రెండు గంటల తర్వాత ఎరుపు గీత దాటిందా లేదా అన్నది చాలా సమాచారం ఇస్తుంది. అక్కడ గట్టి చీము ఉండదు, పల్చటి రసి కారుతుంది. కండరం మీది పొర కుళ్లటం మొదలైతే చర్మం నల్లబడి, పొక్కులు లేచి, చివరికి అక్కడ స్పర్శ పోతుంది. నొప్పి తగ్గిందని రోగి చెబితే సంతోషించకండి, నరాలు చచ్చిపోయి ఉండొచ్చు. స్లైడ్ మీద ఇవి గొలుసులుగా కనిపిస్తాయి, బ్లడ్ ఆగర్ (బ్యాక్టీరియాను పెంచే రక్తం కలిపిన ప్లేటు) మీద చిన్న కాలనీ చుట్టూ వెడల్పుగా రక్తం కరిగిపోయి ఉంటుంది. ఒక ఊరట ఏమిటంటే ఇది ఇప్పటికీ పెన్సిలిన్‌కు లొంగుతుంది. దానికి క్లిండమైసిన్ ఎందుకు కలుపుతారంటే, బ్యాక్టీరియా చేసే విషాల తయారీని అది ఆపుతుంది. అయినా కుళ్లిన భాగాన్ని కత్తితో తీసేయకుండా మందుల మీదే ఆధారపడితే రోగి దక్కడు.

క్లాస్ట్రిడియం పేగుల్లోనూ మట్టిలోనూ ఉంటుంది. రక్తప్రసారం చచ్చిన కాలును తీసేసిన చోట, పిత్తాశయం, పేగు ఆపరేషన్ల తర్వాత దాని అవకాశం ఎక్కువ. గాయం చుట్టూ వేలితో నొక్కితే చర్మం కింద గాలి బుడగలు చిటపటమంటాయి. మురికి నీళ్లలాంటి రసి కారుతుంది. ల్యాబ్‌వాళ్లు జాగ్రత్తగా వినాల్సిన మాట: ఈ స్లైడ్ మీద లావుపాటి కడ్డీలు దండిగా ఉంటాయి, చీము కణాలు మాత్రం దాదాపు ఉండవు. దాని విషం తెల్లకణాలను చంపేస్తుంది కాబట్టి. "చీము కణాలు లేవు, కాబట్టి శాంపిల్ సరిగా తీయలేదు" అని పక్కన పెట్టేస్తే రోగికి మరణశాసనం రాసినట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది. గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్షలో ఊదారంగు పట్టేవి గ్రామ్ పాజిటివ్, గులాబీ రంగు పట్టేవి గ్రామ్ నెగెటివ్. ఇది గ్రామ్ పాజిటివే అయినా, కణజాలం నుంచి నేరుగా చేసిన స్లైడ్‌లో ఊదారంగు పట్టకుండా గులాబీ రంగులో కనబడొచ్చు. అంచులు చదునుగా ఉన్న లావుపాటి కడ్డీ కనిపిస్తే, రంగును నమ్ముకుని "గ్రామ్ నెగెటివ్" అని రాసేయకండి. వార్డుకు ఫోన్ చేయండి. కల్చర్ వచ్చేవరకు ఆగటానికి వీల్లేని స్లైడ్ ఇది.

మూడో రోజు మామూలుగా నిశ్శబ్దంగా గడుస్తుంది. నాలుగైదు రోజుల నుంచి పదో రోజు దాకా వచ్చే చీము అసలైన రద్దీ. ఇక్కడ మొదటి ప్రశ్న ఆపరేషన్ ఏ చోట జరిగింది అన్నది.

హెర్నియా, థైరాయిడ్, రొమ్ము, ఎముకలు, గుండె, ఇవి పేగు తెరవని శుభ్రమైన ఆపరేషన్లు. వీటిలో చీము పడితే మొదట అనుమానించాల్సింది స్టెఫిలోకాకస్ ఆరియస్‌ను. మనుషుల్లో దాదాపు 30 శాతం మంది ముక్కులో ఇది ఉంటుంది. రోగి ముక్కులో ఉన్నదే రోగి గాయంలోకి చేరటం చాలా మామూలు విషయం. అందుకే గుండె, కీళ్ల ఆపరేషన్లకు ముందు ముక్కు స్వాబ్ తీసి, ఉంటే 2 శాతం ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు చొప్పున 5 రోజులు రెండు ముక్కుల్లో రాసి, క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం చేయిస్తారు. దీని చీము గట్టిగా, పసుపుగా ఉంటుంది. స్లైడ్ మీద గుత్తులు గుత్తులు. కెటలేజ్ పాజిటివ్, కోయాగ్యులేజ్ పాజిటివ్. ట్యూబ్ కోయాగ్యులేజ్‌ను 4 గంటలకు తప్పకుండా చూడండి. కొన్ని స్టెఫ్‌లు ముందు గడ్డ కట్టించి, తర్వాత తామే కరిగించేస్తాయి. 24 గంటలకు మాత్రమే చూసినవాళ్లు నెగెటివ్ అనుకుంటారు.

1959లో మెథిసిలిన్ వచ్చింది, 1961కల్లా దానికి లొంగని స్టెఫ్ ఇంగ్లండ్‌లో కనబడింది. మెక్-ఏ అనే జన్యువు వల్ల దాని గోడ కట్టే ప్రొటీన్ మారిపోతుంది, మందు దాన్ని పట్టుకోలేదు. దీన్నే ఎం.ఆర్.ఎస్.ఎ. అంటున్నాం. పరీక్షకు 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ డిస్క్‌ను బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద పెట్టి, దాని చుట్టూ ఏమీ మొలవని వలయాన్ని కొలుస్తాం. వలయం 22 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువైతే లొంగుతుంది, 21 లేదా తక్కువైతే లొంగదు. ఇంక్యుబేటర్ 35 డిగ్రీలు దాటకూడదు. దాటితే నిరోధం దాక్కుంటుంది, ఎం.ఆర్.ఎస్.ఎ. మామూలు స్టెఫ్‌లా కనబడుతుంది. ఎం.ఆర్.ఎస్.ఎ. అని తేలాక అదే రిపోర్టులో "సెఫ్ట్రయాక్సోన్‌కు లొంగుతుంది" అని రాయటం పెద్ద తప్పు. సెఫ్టారోలిన్ లాంటి ఒకటి రెండు తప్ప ఆ సెఫలోస్పోరిన్ కుటుంబం మందులేవీ పనిచేయవు. వాంకోమైసిన్‌కు డిస్క్ పెట్టి వలయం కొలవటం కూడా మానేయాలి, డిస్క్ అక్కడ తేడా చూపలేదు. కనీస నిరోధక గాఢత, అంటే బ్యాక్టీరియాను పెరగకుండా ఆపే అతి తక్కువ మందు గాఢత, చూడాలి. అది మి.లీ.కు 2 మైక్రోగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉంటే లొంగుతుందని అర్థం.

క్లిండమైసిన్ విషయంలో ఇంకొక ఉచ్చు. ఎరిత్రోమైసిన్‌కు లొంగక, క్లిండమైసిన్‌కు లొంగినట్టు కనిపించే స్టెఫ్ ఉంటే ఈ రెండు డిస్కులనూ 15 నుంచి 26 మి.మీ. ఎడంగా పక్కపక్కన పెట్టండి. క్లిండమైసిన్ వలయం ఎరిత్రోమైసిన్ వైపు చదునుగా తెగినట్టు కనబడితే ఆ మందు ఇచ్చిన కొద్ది రోజులకే చికిత్స విఫలం కావొచ్చు. లొంగదు అనే రాయాలి.

పేగు, అపెండిక్స్, గర్భాశయం తెరిచిన ఆపరేషన్లలో కథ వేరు. అక్కడ ఒంటరి దొంగ ఉండడు, ముఠా ఉంటుంది. ఈ కోలై, క్లెబ్సియెల్లా, ఎంటెరోకాకస్, వీటితో పాటు గాలి తగిలితే బతకని బాక్టీరాయిడీస్ ఫ్రాజిలిస్. ల్యాబ్‌లో మామూలు ప్లేట్ల మీద ఈ కోలై ఒక్కటే మొలుస్తుంది, రిపోర్టులో దాని పేరొక్కటే వస్తుంది, వార్డువాళ్లు దానికొక్కదానికే మందు ఇస్తారు. బాక్టీరాయిడీస్ హాయిగా అలాగే ఉంటుంది. కుళ్లు వాసన వేస్తున్న పొట్ట గాయానికి ఏ రిపోర్టు వచ్చినా ఎనరోబ్‌లను (ఇలా గాలి తగిలితే బతకనివాటిని) కూడా లెక్కలో పెట్టుకోవాలి. చీములో తెల్లకణాలు దండిగా ఉండి, స్లైడ్ మీద బ్యాక్టీరియా కనబడి, ప్లేటు మీద ఏమీ మొలవకపోతే "స్టెరైల్" అని పంపకండి. ఎనరోబ్ అయ్యుండొచ్చు, అంతకుముందే యాంటీబయోటిక్ పడి ఉండొచ్చు. "స్లైడ్ మీద కనబడినవి కల్చర్‌లో మొలవలేదు" అని నిజం రాయండి.

ఎంటెరోకాకస్ గురించి ఒక్క మాట. సెఫలోస్పోరిన్లు ఏవీ దాన్ని తాకవు. సెఫ్ట్రయాక్సోన్ పదిరోజులు ఇచ్చిన పొట్ట గాయంలో అది మిగలటం సహజం. అది మన మందు ఎంచి మిగిల్చినదే.

ప్రోటియస్ ల్యాబ్‌వాళ్లకు విసుగు పుట్టించే జీవి. బ్లడ్ ఆగర్ మీద అలలు అలలుగా పాకి ప్లేటంతా కప్పేస్తుంది, దాని కింద స్టెఫ్ ఉన్నా కనబడదు. మెకాంకీ ఆగర్ మీద అంతగా పాకదు. ఆగర్ శాతాన్ని 4కు పెంచిన ప్లేటు మీద కూడా పాకడం అణుగుతుంది. చీము శాంపిల్‌లో ప్రోటియస్ కనబడిందంటే, దాని కింద ఇంకెవరైనా ఉన్నారా అని వెతికాకే రిపోర్టు పంపాలి.

ఇక వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నవాళ్లు: కాలిన గాయాలవాళ్లు, ఐ.సి.యూ.లో ఉన్నవాళ్లు, మంచానికి అంటుకుపోయి నడుం దగ్గర పుండ్లు పడ్డవాళ్లు. ఇక్కడ ఆసుపత్రిదే వాటా ఎక్కువ. కాలిన గాయంలో మొదటి రెండు రోజులూ చెమట గ్రంథుల్లో, వెంట్రుకల మూలాల్లో బతికి బయటపడ్డ స్టెఫ్ లాంటివే ఉంటాయి. ఐదు నుంచి ఏడు రోజులు దాటేసరికి గ్రామ్ నెగెటివ్‌లు దిగుతాయి. వాటిలో ముందువరసలో ఉండేది సూడోమోనాస్ ఏరుజినోసా.

దీన్ని గుర్తుపట్టటం తేలిక. గాజుగుడ్డ మీద నీలిపచ్చ మరక, పండిన ద్రాక్షలాంటి తీపి వాసన. 1882లో గెస్సార్ అనే శాస్త్రవేత్త ఈ పచ్చటి చీము నుంచే దీన్ని వేరు చేశాడు. ఆక్సిడేజ్ పాజిటివ్, లాక్టోజ్‌ను పులియబెట్టదు, 42 డిగ్రీల దగ్గర కూడా పెరుగుతుంది. రంగు చేయని జాతులూ ఉంటాయి కాబట్టి పచ్చదనం లేదని సూడోమోనాస్ కాదనుకోవద్దు. ఇది నీటి జీవి. ఎక్కడ తడి ఉంటే అక్కడ ఉంటుంది: సింక్ గొట్టం, తుడిచే గుడ్డ నానబెట్టిన బకెట్, నెబ్యులైజర్, హ్యూమిడిఫయర్. అందరికీ ఆశ్చర్యం కలిగించేది యాంటిసెప్టిక్ సీసాలో కూడా ఉండగలగటం. క్వాటర్నరీ అమ్మోనియం రకం మందును నీళ్లు కలిపి పల్చన చేసి, పాత సీసాలోనే కొత్తది నింపుకుంటూ పోతే, ఆ సీసా సూడోమోనాస్‌కు ఇల్లవుతుంది. ఆ మందుతో గాయం కడగటమంటే బ్యాక్టీరియాను పోయటమే. సీసా ఖాళీ అయ్యాక కడిగి, ఆరబెట్టి, స్టెరిలైజ్ చేశాకే నింపాలి. దూదిని ముందే మందులో నానబెట్టి డబ్బాలో నిల్వ ఉంచటం మానాలి. విప్పిన సెలైన్ సీసాను 24 గంటల తర్వాత పారబోయాలి, ఆలోపు కూడా రోగులందరికీ ఒకటే వాడకూడదు. సింక్ చుట్టూ మీటరు దూరంలో డ్రెస్సింగ్ ట్రే పెట్టకూడదు, గొట్టంలోంచి తుంపర్లు అంతదూరం ఎగురుతాయి.

అసినెటోబ్యాక్టర్ బౌమానియై దీనికి తోడుదొంగ, కానీ అలవాటు తిరగబడి ఉంటుంది. ఇది తడి లేకున్నా బతుకుతుంది. మంచం కమ్మీ, మానిటర్ బటన్లు, పరుపు అతుకులు, ఇలాంటి పొడి చోట్ల వారాల తరబడి ఉంటుంది. అందుకే ఐ.సి.యూ.లో ఒకరికి వస్తే పక్క మంచాలకు పాకుతుంది. ఆక్సిడేజ్ నెగెటివ్. స్లైడ్ మీద పొట్టి కడ్డీలుగా, జంటలుగా ఉంటుంది, ఒక్కోసారి ఊదారంగును వదలక గ్రామ్ పాజిటివ్ అనిపిస్తుంది. అయితే వార్డువాళ్లకు ఒక హెచ్చరిక. నడుం పుండు స్వాబ్‌లో అసినెటోబ్యాక్టర్ వచ్చిందనగానే కొలిస్టిన్ రాయకండి. రోగికి జ్వరం లేదు, పుండు చుట్టూ ఎరుపు లేదంటే అది అక్కడ కాపురముంటున్నదే. కొలిస్టిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దాన్ని డిస్క్‌తో పరీక్షించి "లొంగుతుంది" అనటానికి కూడా వీల్లేదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయాల్సిందే. ప్రోటియస్‌కైతే కొలిస్టిన్ పుట్టుకతోనే పనిచేయదు.

క్లెబ్సియెల్లా, ఈ కోలైలలో సెఫలోస్పోరిన్లను కోసేసే ఇ.ఎస్.బి.ఎల్. ఎంజైమును పట్టటానికి సెఫ్టాజిడిమ్ డిస్క్ ఒకటి, క్లావులానిక్ ఆసిడ్ కలిపింది ఒకటి పెడతాం. రెండో వలయం మొదటిదానికన్నా 5 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ పెద్దదైతే ఎంజైము ఉన్నట్టే. ఎంటెరోబ్యాక్టర్‌ది మరో మోసం. మొదటి రిపోర్టులో సెఫ్ట్రయాక్సోన్‌కు లొంగుతుంది, మూడు నాలుగు రోజులు ఇచ్చాక లొంగదు. ల్యాబ్ తప్పు చేయలేదు, మందు తగిలాక అందులోని ఆంప్-సి ఎంజైము ఎక్కువ చేసే జాతే మిగిలింది.

ఇక ఆలస్యంగా వచ్చేవి. రాడ్డో, కృత్రిమ కీలో పెట్టిన రోగి వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత నొప్పితో వస్తాడు. గాయం పైకి మానినట్టే ఉంటుంది, ఒక మూల సన్నటి రంధ్రం నుంచి కొంచెం రసి. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటివి లోహానికి అంటుకుని, నీళ్లతొట్టి గోడకు పట్టిన నాచులా పొర కట్టుకుంటాయి. ఆ పొర లోపల మందు సరిగా పనిచేయదు. ఎపిడెర్మిడిస్ చర్మం మీద అందరికీ ఉండేదే కనుక ఒక్క స్వాబ్‌లో వస్తే దానికి అర్థం లేదు. అందుకే ఆపరేషన్ సమయంలో వేర్వేరు చోట్ల నుంచి ఐదు కణజాలపు ముక్కలు, ప్రతిదానికీ వేరే పరికరంతో తీయాలి. రెండు లేదా ఎక్కువ ముక్కల్లో ఒకే జీవి వస్తే అప్పుడు నమ్మాలి. రంధ్రం మూతి దగ్గర స్వాబ్ తీసి పంపేది ఆ రంధ్రంలో ఎవరున్నారో చెబుతుంది, ఎముక మీద ఎవరున్నారో చెప్పదు. భుజం కీలు అయితే ప్లేట్లను 10 నుంచి 14 రోజులు ఉంచాలి. అక్కడ చేరే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ నెమ్మదిగా మొలుస్తుంది.

ల్యాప్రోస్కోపీ చేసిన మూడు నాలుగు వారాలకు పోర్టు పెట్టిన చోట గట్టి గడ్డ కట్టి, పగిలి, నీళ్లగా కారి, మళ్లీ మూసుకుని, మళ్లీ పగులుతుంటే మైకోబ్యాక్టీరియా (క్షయ క్రిమి కుటుంబం) గుర్తుకు రావాలి. ఫార్చుయిటమ్, కెలోనే, ఆబ్సెసస్ అనే త్వరగా పెరిగే జాతులివి. మామూలు మందులకు తగ్గదు, మామూలు కల్చర్ ఖాళీగా వస్తుంది, ఎందుకంటే ల్యాబ్ 48 గంటలకు ప్లేటు పారేస్తుంది. ఇవి కనబడటానికి బ్లడ్ ఆగర్ మీదే మూడు నుంచి ఐదు రోజులు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. కనబడినా చిన్న పొడి కాలనీలను చూసి "డిఫ్తెరాయిడ్, కలుషితం" అని పారేయటం ఇంకో తప్పు. అలాంటి కాలనీకి ఆసిడ్ ఫాస్ట్ స్టెయిన్ చేసి చూడండి. ఆసిడ్ ఫాస్ట్ కడ్డీలు కనబడగానే క్షయ మందులు మొదలుపెట్టటమూ పొరపాటే. ఈ జాతులు మామూలు క్షయ మందులకు లొంగవు. క్లారిత్రోమైసిన్, అమికాసిన్ లాంటి వాటిని పరీక్షించి ఎంచుకోవాలి.

ఇది ఎలా వచ్చింది? 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు నానబెట్టిన పరికరాన్ని కొళాయి నీళ్లతో కడగటం వల్ల. శుభ్రం చేసిన వస్తువుకు నీళ్లలోని మైకోబ్యాక్టీరియా అంటుకుంది. పైగా 20 నిమిషాలన్నది డిసిన్ఫెక్షన్ మాత్రమే, బీజాలు కూడా చావాలంటే 8 నుంచి 10 గంటలు కావాలి. పరికరం భాగాలు విడదీయకుండా ముంచితే తొడుగు కింద ఎండిన రక్తం అలాగే ఉంటుంది, దాని వెనక ఉన్నదానికి మందు తగలదు. విడదీసి, బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, వేడిని తట్టుకునేవాటిని ఆటోక్లేవ్ చేయాలి. తట్టుకోనివాటికి ఇథిలీన్ ఆక్సైడ్ లాంటి దారి చూడాలి. ముంచటం తప్పనిసరైతే చివర కడిగే నీళ్లు స్టెరైల్‌వే అయ్యుండాలి.

ఇంత తెలిసినా శాంపిల్ తప్పుగా తీస్తే అంతా వృథా. అన్నిటికన్నా మంచిది కణజాలపు ముక్క, తర్వాత సిరంజితో లాగిన చీము, స్వాబ్ ఆఖరిది. మూసుకుని ఉన్న గడ్డ అయితే పైచర్మాన్ని ఆల్కహాల్ క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, ఆరనిచ్చి, సిరంజితో 1 నుంచి 2 మి.లీ. లాగండి. గాలి బయటికి నెట్టేసి, సూది తీసి, మూత పెట్టి పంపండి. ఎనరోబ్‌లు బతకాలంటే ఇదే దారి, దాన్ని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. తెరిచిన గాయానికి స్వాబ్ తీసేటప్పుడు ముందు సెలైన్‌తో కడిగి పైనున్న పాత చీమును, పొలుసులను తీసేయాలి. పోవిడోన్ అయోడిన్‌తో కడిగి వెంటనే స్వాబ్ తీస్తే ఆ మందు స్వాబ్‌లోకి వచ్చి బ్యాక్టీరియాను చంపుతుంది. తర్వాత శుభ్రమైన, ఎర్రటి కణజాలం మీద ఒక చదరపు సెంటీమీటరు చోట స్వాబ్‌ను అదిమి, లోపలి ద్రవం పైకి ఊరేంత ఒత్తిడితో ఐదు సెకన్లు తిప్పండి. నల్లటి పెచ్చు మీద గానీ, అంచు చర్మం మీద గానీ వద్దు. రెండు స్వాబ్‌లు తీయండి, ఒకటి స్లైడ్‌కు, ఇంకొకటి కల్చర్‌కు. రెండు గంటల లోపు ల్యాబ్‌కు చేరకపోతే ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో పెట్టండి. కణజాలపు ముక్కను ఫార్మాలిన్‌లో వేసి కల్చర్‌కు పంపటం ఇంకా జరుగుతూనే ఉంది. అది పాథాలజీకి వెళ్లే సీసా. కల్చర్‌కు స్టెరైల్ డబ్బాలో నాలుగు చుక్కల సెలైన్ చాలు.

ల్యాబ్‌లో పొరపాట్లు ఎక్కువ గ్రామ్ స్టెయిన్ దగ్గరే. స్మియర్ మందంగా ఉంటే రంగు పోక అన్నీ ఊదాగా కనబడతాయి. అసిటోన్ రెండు మూడు సెకన్లు దాటిస్తే స్టెఫ్ కూడా గులాబీ అవుతుంది. డిస్క్ పరీక్షలో ఆగర్ లోతు 4 మి.మీ. ఉండాలి. ఎక్కువైతే వలయం చిన్నదై లొంగే బ్యాక్టీరియా లొంగనట్టు కనబడుతుంది. సస్పెన్షన్ (బ్యాక్టీరియా కలిపిన ద్రవం) 0.5 మెక్‌ఫార్లాండ్ అనే చిక్కదనపు కొలత కన్నా చిక్కగా ఉన్నా అంతే. కంటి అంచనాతో కలిపే అలవాటును వదులుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

"సార్, ఆపరేషన్ గాయం పైపైన చీము పట్టింది. ఏ యాంటీబయోటిక్ మొదలుపెట్టాలి?" అన్నారు. ముందు కుట్లు విప్పండి. చీము బయటికి పోవటమే అక్కడ చికిత్స. జ్వరం 38.5 డిగ్రీలు దాటినా, నాడి 110 దాటినా, ఎరుపు అంచు నుంచి 5 సెం.మీ. దాటి పాకినా అప్పుడు యాంటీబయోటిక్ జోడించాలి. ఇవేవీ లేకుండా విప్పి శుభ్రం చేసిన గాయానికి చాలాసార్లు మందే అక్కర్లేదు.

"ఇన్ఫెక్షన్ రాకుండా ఆపరేషన్ తర్వాత ఏడు రోజులు మందు ఇవ్వొచ్చా?" దానివల్ల లాభం లేదు. 1961లో బర్క్ అనే సర్జన్ గినీపందుల మీద చూపించినదే ఇప్పటికీ ఆధారం. మందు కణజాలంలో బ్యాక్టీరియా కన్నా ముందు ఉండాలి, బ్యాక్టీరియా చేరి మూడు గంటలు దాటాక ఇస్తే ప్రయోజనం పోతుంది. సెఫజోలిన్ 2 గ్రాములు, రోగి బరువు 120 కిలోలు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే 3 గ్రాములు, కోత పెట్టటానికి ముందు 60 నిమిషాల లోపు ఇవ్వాలి. వాంకోమైసిన్ నెమ్మదిగా ఎక్కించాలి కాబట్టి దానికి 120 నిమిషాల గడువు. ఆపరేషన్ 4 గంటలు దాటితే సెఫజోలిన్ ఇంకో మోతాదు. కుట్లు వేశాక కొనసాగిస్తే మిగిలేది ఎంటెరోకాకస్, సూడోమోనాస్, విరేచనాలు. దానికి బదులు బ్లేడుతో షేవింగ్ మానేయండి, కనబడని గాట్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది. వెంట్రుకలు అడ్డొస్తేనే క్లిప్పర్‌తో తీయండి. ఆల్కహాల్ క్లోర్‌హెక్సిడిన్ పూశాక పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉండగా డయాథెర్మీ (కరెంటుతో కోసే పరికరం) ముట్టిస్తే నిప్పు కూడా అంటుకుంటుంది.

"రిపోర్టులో మూడు రకాలు వచ్చాయి, దేనికి మందు ఇవ్వాలి?" శాంపిల్ ఎలా తీశారో ముందు చెప్పండి. పాత పుండు పైన తిప్పిన స్వాబ్ అయితే దేనికీ ఇవ్వకండి, మళ్లీ కడిగి లోపలి ముక్క పంపండి. గడ్డలోంచి సిరంజితో లాగిన చీము అయితే మూడింటినీ లెక్కలోకి తీసుకోండి. స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ ఆ మూడింట్లో ఉంటే మాత్రం శాంపిల్ ఎలా తీశారని అడగను, దాన్ని వదలకూడదు. ఫారం మీద తేదీ, చోటు, ఆపరేషన్ పేరు, ఇప్పటికే పడుతున్న మందు పేరు రాసి పంపితే, ఆ మూడింటిలో ఎవరి పేరు పైన రాయాలో ల్యాబే చెప్పగలుగుతుంది.